‘సెట్’ అనే ఇంగ్లీషు మాటకు తెలుగులో ఒకే మాట సరిపోతుందా?

ప్రశ్న: అనువాదకురాలు, విజయవాడ

అందరికీ నమస్కారం. గృహోపకరణాలతో పాటు పెట్టెలో వచ్చే చిన్న పుస్తకాలనూ, భవన నిర్మాణ కార్మికుల కోసం తయారయ్యే శిక్షణ పాఠాలనూ ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువదించడం నా వృత్తి. ఇప్పుడు చేతిలో ఉన్న పనికి, ఒక ఇంగ్లీషు మాటకు మొదటి పుట నుంచి చివరి పుట దాకా ఒకే తెలుగు మాట వాడి తీరాలని పని ఇచ్చినవారు షరతు పెట్టి, అందుకోసం ఒక పదపట్టిక కూడా పంపారు. ఆ పట్టికలో ‘సెట్’ ఎదురుగా ‘అమర్చు’ అని ఉన్నది.

దానిని నమ్ముకుని ముందుకు వెళ్తే వచ్చే వాక్యాలు చూడండి. ‘టైమరును ఇరవై నిమిషాలకు అమర్చండి’ అంటే ఎలాగో సరిపెట్టుకోవచ్చు. ‘సిమెంటును అమరనివ్వండి’ అంటే మాత్రం ఏ మేస్త్రీకీ అర్థం కాదు. వంట సూచనల్లో ‘మిగిలిన పిండిని పక్కన అమర్చండి’ అని తేలింది. ‘స్క్రూల అమరిక ఒకటి’ అని వచ్చిన చోట మూలంలో ఉన్నది, పొయ్యితో పాటు పొట్లంలో ఇచ్చే నాలుగు స్క్రూల సెట్టు మాత్రమే.

నిఘంటువు తెరిస్తే ఈ మాట కింద అర్థాలు పుటలు పుటలుగా ఉన్నాయి గాని, ఒకదానికీ మరొకదానికీ సంబంధమేమిటో నాకు బోధపడలేదు. ఇన్ని అర్థాల వెనుక ఒక మూలార్థం ఉన్నదా, లేక ఇవన్నీ విడివిడిగా కంఠస్థం చేయవలసినవేనా? సిమెంటు విషయంలో పని తెలిసినవారు నిజంగా ఏ మాట వాడతారు? పట్టిక పంపినవారికి నచ్చజెప్పడానికి నాకు గట్టి ఆధారం కావాలి గనుక, దయచేసి వివరంగా రాయగలరు.


జవాబు: విశ్రాంత ఇంగ్లీషు ఉపన్యాసకులు, గుంటూరు

అమ్మా, మీకు కనిపించని సంబంధం నిజంగానే ఉన్నది. అయితే అది అన్ని అర్థాలకూ వర్తించదు. ముందుగా ఆ మాట ఎంత విస్తారమైనదో చెప్పడానికి ఒక సంగతి చాలు. 1989లో వెలువడిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ రెండవ కూర్పులో అన్నిటికంటే పొడవైన పద్దు ఈ మూడక్షరాల ‘సెట్’దే. క్రియగానే దానికి సుమారు 430 అర్థఛాయలు చూపించారు. మూడవ కూర్పు పనిలో ‘రన్’ అనే మాట 645 అర్థాలతో దానిని దాటిపోయిందని 2011లో వార్తలు వచ్చాయి. కాబట్టి ఒక పదపట్టికలోని ఒక గడిలో ఇది ఇమడకపోవడంలో ఆశ్చర్యమేమీ లేదు.

ఇప్పుడు పుట్టుక చూద్దాం. పాత ఇంగ్లీషులో ‘సిట్టన్’ అంటే కూర్చొనడం, ‘సెట్టన్’ అంటే కూర్చోబెట్టడం. దిగు–దించు, లేచు–లేపు, తిను–తినిపించు అని మనం నేటికీ ఏ క్రియనైనా ప్రేరణార్థకంగా మార్చుకోగలం. ఇంగ్లీషు ఆ శక్తిని ఎప్పుడో పోగొట్టుకున్నది. సిట్–సెట్, లై–లే, ఫాల్–ఫెల్, రైజ్–రెయిజ్ వంటి నాలుగైదు జంటలు మాత్రం ఆనవాళ్లుగా మిగిలాయి. ఫాల్ అంటే పడడం, చెట్టును ఫెల్ చేయడమంటే పడగొట్టడం. ఆ వరుసలోనిదే సెట్. ఒక వస్తువును గాని, మనిషిని గాని, పరిస్థితిని గాని ఒక చోట కుదురుగా ఉండేలా చేయడం దాని మొదటి అర్థం.

ఈ ధాతువు మనకు పరాయిది కూడా కాదు. సంస్కృతంలో ‘సద్’ అంటే కూర్చొనడం. సదస్సు, పరిషత్తు, ఉపనిషత్తు, సభాసదుడు అన్నవి దాని నుంచి వచ్చినవే. సంస్కృతంలో ‘ద’కారం ఉన్నచోట ఇంగ్లీషు వంటి జర్మానిక్ భాషల్లో ‘ట’కారం రావడం నియమం: ద్వి–టూ, దశ–టెన్, దంత–టూత్. అదే లెక్కన సద్–సిట్. మన సాహిత్య సదస్సులో కుర్చీలు వేసేవారికి ఈ చుట్టరికం ఎవరైనా చెప్పాలి.

ఈ మూలార్థాన్ని పట్టుకుంటే చాలా ప్రయోగాలు వాటంతటవే విడివడతాయి. అలారాన్ని సెట్ చేయడమంటే ముల్లును ఒక వేళ దగ్గర నిలపడం. ధరను, గడువును, షరతును సెట్ చేయడమంటే వాటిని ఇటూ అటూ జరగకుండా నిర్ణయించడం; తెలుగులో ధర కడతాం, గడువు పెడతాం, షరతు విధిస్తాం. విరిగిన ఎముకను సెట్ చేయడమంటే తప్పిన చోటి నుంచి దాని చోటికి తెచ్చి కట్టు కట్టడం, పుత్తూరు శల్యవైద్యులు ఏళ్లుగా చేస్తున్న పని అదే. అచ్చుశాలలో సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి బద్దలో నిలబెట్టడమూ సెట్ చేయడమే. సూర్యాస్తమయాన్ని పాత ఇంగ్లీషులో ‘సెట్ల్‌గాంగ్’ అనేవారు. సెట్ల్ అంటే పీఠం, గాంగ్ అంటే పోవడం. సూర్యుడు తన పీఠానికి పోయి కూర్చుంటాడన్న మాట. ‘సెటిల్’ అనే మాట కూడా ఆ పీఠం నుంచి వచ్చినదే. మద్రాసు ప్రెసిడెన్సీలో 1802లో కంపెనీవారు తెచ్చిన శాశ్వత సెటిల్‌మెంటు మొదలుకొని ఈనాటి భూ తగాదాల ‘సెటిల్‌మెంట్ల’ దాకా మనకు పరిచయమైన మాట అది.

నాకు అన్నిటికంటే ముచ్చటగా తోచేది మరొకటి. ఉంగరంలో రాయిని బిగించడాన్ని ఇంగ్లీషులో సెట్ చేయడమంటారు. పెట్టను గుడ్ల మీద కూర్చోబెట్టడాన్ని కూడా సెట్ చేయడమనే అంటారు. తెలుగులో రెండింటికీ పనికివచ్చే క్రియ ఒకటి ఉన్నది: పొదుగు. వజ్రాలు పొదిగిన హారం అంటాం, గుడ్లు పొదిగే కోడి అంటాం. రెండు భాషలకూ ఇక్కడ అప్పు ఇచ్చిపుచ్చుకున్న సంబంధం లేదు. కదలకుండా పట్టి ఉంచడమన్న భావన ఒకటే కావడంతో రెండు చోట్లా విడివిడిగా ఒకే రకం ప్రయోగం పుట్టి ఉంటుందని నా ఊహ.

అయితే మీ ‘నాలుగు స్క్రూల సెట్టు’ ఈ వంశానికి చెందినది కాదు. గుంపు, జత, వరుస అనే అర్థాల్లో వచ్చే నామవాచకం ప్రధానంగా పాత ఫ్రెంచి నుంచి వచ్చింది. దాని మూలం లాటిన్ ‘సెక్టా’, అంటే ఒకరి వెంట నడిచేవారి వర్గం. మత శాఖలకు వాడే ‘సెక్ట్’ దానికి సోదరి. ధ్వని ఒకటే కావడంతో ఇది క్రియతో కలిసిపోయి, తరువాతి కాలంలో ఒకదాని అర్థాలు మరొకదానిపై ప్రభావం చూపాయి. కాబట్టి గిన్నెల సెట్టు, చదరంగం సెట్టు, టెన్నిస్ సెట్టు వంటివాటిని ‘అమర్చు’తో ముడిపెట్టడం పుట్టుకను బట్టి చూసినా తప్పే. మీ పట్టిక పంపినవారికి మొదట ఈ ముక్క చెప్పండి: ఒకే రూపంలో కనిపిస్తున్నవి కనీసం రెండు మాటలు.

వ్యాకరణపరంగా కూడా ఒక జాగ్రత్త అవసరం. సెట్ అనే క్రియకు వర్తమానంలోనూ భూతంలోనూ రూపం మారదు. కట్, పుట్, హిట్, షట్ అన్నవీ ఇటువంటివే. ‘దే సెట్ ద రూల్స్’ అన్న వాక్యం ఒంటరిగా కనిపిస్తే నియమాలు పెడతారనా, పెట్టారనా అన్నది ముందూవెనకా చదివితే గాని తేలదు.


జవాబు: సివిల్ ఇంజినీరు, హైదరాబాదు

సిమెంటు సంగతి నేను చెబుతాను, ఎందుకంటే అక్కడ మాట తప్పితే పని కూడా తప్పుతుంది. సిమెంటు విషయంలో ‘సెట్టింగ్’ వేరు, ‘హార్డెనింగ్’ వేరు. నీళ్లు కలిపిన ముద్ద తన మెత్తదనం పోగొట్టుకుని, ఇక ఎటూ వంచడానికీ పామడానికీ వీలులేని స్థితికి రావడం సెట్టింగ్. ఆ తరువాత రోజుల తరబడి బలం పుంజుకోవడం హార్డెనింగ్. మొదటిది గంటల్లో ముగుస్తుంది. రెండవది 28 రోజుల నాటి బలాన్ని లెక్కగా తీసుకునేంత నెమ్మదిగా సాగుతుంది. రెండింటికీ ‘గట్టిపడు’ అనే రాస్తే, సెట్టయిన పలక మీద బరువులు మోపవచ్చునని చదివేవాడు అనుకునే ప్రమాదమున్నది.

ప్రయోగశాలలో దీనిని వికాట్ సూదితో కొలుస్తారు. 40 మిల్లీమీటర్ల ఎత్తున్న అచ్చులో సిమెంటు ముద్దను నింపి, సన్నని సూదిని దాని మీద నెమ్మదిగా వదులుతారు. మొదట్లో సూది అడుగు దాకా దిగిపోతుంది. కాసేపటికి అడుగుకు ఇంకా 5 మిల్లీమీటర్లు ఉందనగా ఆగిపోతుంది. నీళ్లు కలిపిన క్షణం నుంచి అప్పటిదాకా గడిచినది తొలి సెట్టింగ్ కాలం. ఆ తరువాత సూది మార్చి, అంచున చిన్న వలయమున్న మరొక సూదిని పెడతారు. సూది మొన గుర్తు పడి, వలయం గుర్తు పడకుండా ఉన్నప్పుడు తుది సెట్టింగ్ అయినట్టు. సాధారణ పోర్ట్‌ల్యాండ్ సిమెంటుకు తొలి సెట్టింగ్ 30 నిమిషాల కంటే ముందు కారాదనీ, తుది సెట్టింగ్ 600 నిమిషాలు దాటరాదనీ భారతీయ ప్రమాణాలు చెబుతాయి. క్లింకరును, అంటే కొలిమిలో కాల్చగా వచ్చే సిమెంటు ముడి ఉండలను, పొడి చేసేటప్పుడు జిప్సం కలిపేది కూడా సిమెంటు మరీ తొందరగా బిగిసిపోకుండా ఉండడానికే.

పని దగ్గర మేస్త్రీలు ‘మాలు బిగుసుకుంది’ అంటారు, లేదంటే ఏకంగా ‘సెట్టయింది’ అంటారు. నా సలహా ఏమిటంటే, సెట్టింగ్‌కు ‘బిగుసుకోవడం’, హార్డెనింగ్‌కు ‘గట్టిపడి బలం రావడం’ అని రెండింటినీ విడదీసి రాయండి. ‘అమరనివ్వండి’ అనే వాక్యం మాత్రం శిక్షణ పాఠంలో ఉండనే కూడదు. మీరు రాసిన దానిని చదివి ఒకరు సెంట్రింగు విప్పవలసి ఉంటుంది.

ఒక్క మాట పక్కదారి. ఈ రకం సెట్ అవడానికి వంటింటి తెలుగులో ఎన్ని మాటలున్నాయో చూడండి: పాలు తోడుకుంటాయి, నెయ్యి పేరుకుంటుంది, పాకం ముదురుతుంది. ఇంగ్లీషు పెరుగునూ జెల్లీనీ సిమెంటునూ ఒకే క్రియతో సరిపెట్టుకుంటే, మనం పదార్థాన్ని బట్టి క్రియను మారుస్తాం.


జవాబు: పత్రికా ఉపసంపాదకుడు, విశాఖపట్నం

మాస్టారు చెప్పిన చరిత్ర బాగున్నది, కాదనను. కానీ రోజూ వార్తలు తిరగరాసేవాడిగా నాకొక అభ్యంతరం ఉన్నది. మూలార్థం అనేది అర్థం తెలిసిపోయిన తరువాత ‘ఓహో, అందుకా’ అనుకోవడానికి పనికివస్తుంది గాని, తెలియని ప్రయోగం ఎదురైనప్పుడు దాని అర్థాన్ని ముందుగా ఊహించడానికి పనికిరాదు. కుదురుగా నిలపడమే మూలార్థమైతే, ‘సెట్ ఫ్రీ’ అంటే విడిచిపెట్టడం ఎలా అయింది? ‘సెట్ ఇన్ మోషన్’ అంటే కదిలించడమే గదా! నిలపడానికి పూర్తిగా విరుద్ధం.

అసలు చిక్కు ఆ మాట పక్కన చేరే చిన్న మాటలతో వస్తుంది. ‘సెట్ ఇన్’ అంటే ఒక స్థితి మొదలై ఇప్పట్లో పోయేలా లేకపోవడం. వర్షాలు సెట్ ఇన్ అయ్యాయంటే తెలుగులో ముసురు పట్టిందంటాం. చెక్కకు చెద పట్టినా, ఇనుముకు తుప్పు పట్టినా ఆ ‘పట్టు’తోనే పని గడుస్తుంది. ‘సెట్ ఆఫ్’కు ఒక చోట బయలుదేరడమనీ, మరొక చోట బాంబును పేల్చడమనీ, ఇంకొక చోట రావలసిన బాకీలో ఇవ్వవలసిన బాకీని చెల్లువేసుకోవడమనీ అర్థాలు. ఆ మూడవది చట్టంలో పారిభాషిక పదం. సివిల్ ప్రొసీజర్ కోడ్ 8వ ఆర్డరులోని 6వ రూలు దానికి సంబంధించినదే. ‘సెట్ బ్యాక్’ అంటే పత్రికలో ఎదురుదెబ్బ, మునిసిపల్ ప్లానులో ఇంటి చుట్టూ వదలవలసిన ఖాళీ జాగా.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ‘సెట్ అసైడ్’. వంటలో అది పక్కన పెట్టడమే. కానీ పైకోర్టు కింది కోర్టు తీర్పును సెట్ అసైడ్ చేసిందంటే ఆ తీర్పు రద్దయిందని, ఇక చెల్లదని అర్థం. కొత్తగా చేరిన పిల్లలు దీనిని ‘తీర్పును పక్కన పెట్టిన హైకోర్టు’ అని రాసుకొస్తారు. అది చదివినవాడు, కోర్టు ఆ విషయాన్ని ప్రస్తుతానికి వాయిదా వేసిందనో పట్టించుకోలేదనో అనుకుంటాడు. మేము ‘కొట్టివేసింది’ అని దిద్దుతాం. ఒక పక్షం హాజరుకానప్పుడు ఇచ్చిన ఎక్స్ పార్టీ డిక్రీని సెట్ అసైడ్ చేయించుకోవడానికి 9వ ఆర్డరు 13వ రూలు కింద దరఖాస్తు పెట్టుకుంటారు. ఆ డిక్రీని ‘పక్కన పెట్టమని’ అడిగినట్టు రాస్తే కక్షిదారు కంగారుపడతాడు.

కాబట్టి అనువాదకురాలు గారు ‘సెట్’ను ఒంటరిగా పట్టికలో చేర్చడమే మానాలి. దాని కర్మ ఏది, దాని పక్కన ఏ చిన్న మాట ఉన్నది, ఏ రంగం అన్న మూడూ చూసి, ఆ మొత్తాన్నే ఒక పద్దుగా రాసుకోవాలి. మనకు ‘పెట్టు’ ఎలాగో వారికి ఇది అలాగ. పేరు పెట్టు, దండం పెట్టు, అన్నం పెట్టు, తగువు పెట్టు, నిప్పు పెట్టు అన్నవాటిని ఇంగ్లీషులోకి మార్చేవాడికి ఒకే క్రియ ఇచ్చి సరిపెట్టుకోమంటే ఏమవుతుందో ఆ పని ఇచ్చినవారిని ఒక్కసారి ఊహించుకోమనండి. నిప్పు పెట్టడం ఒక్కటే బహుశా ‘సెట్’కు సరిపోతుంది.


జవాబు: గణితం ఉపాధ్యాయురాలు, వరంగల్లు

రెండు చేర్పులు మాత్రం చేస్తాను. నామవాచకం విషయంలో గణితం వారు చాలాకాలం కిందటే దారి చూపించారు. తెలుగు మాధ్యమం పుస్తకాల్లో సెట్‌ను ‘సమితి’ అంటారు. పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశాబ్దాల్లో గియోర్గ్ కాంటర్ రూపొందించిన సిద్ధాంతం మనకు సమితుల సిద్ధాంతంగానే వచ్చింది. సమితిలో మూలకాల వరుసకు ప్రాధాన్యం లేదు, ఒక మూలకాన్ని రెండుసార్లు రాసినా అది ఒక్కటే. అదే గిన్నెల సెట్టులో ఒకే కొలత గల గ్లాసులు ఆరు ఉంటే ఆరూ లెక్కే. కాబట్టి ‘సమితి’ని వంటింట్లోకి తీసుకురావలసిన పని లేదు; అక్కడ ‘సెట్టు’ తెలుగు మాటయిపోయి చాలా కాలమైంది.

రెండవది, మన వాడుకలోని ‘సెట్ అవడం’ ఇంగ్లీషు ప్రయోగం కాదన్న ఎరుక అవసరం. ‘ఈ చొక్కా నీకు సెట్ కాలేదు’ అంటే నప్పలేదని, ‘వాళ్లిద్దరికీ సెట్ కాదు’ అంటే పొసగదని, ‘పని సెట్టయింది’ అంటే కుదిరిందని. ఇంగ్లీషువారు ‘ఆల్ సెట్’ అంటే అన్నీ సిద్ధమని మాత్రమే. మా పిల్లలు చొక్కా వాక్యాన్ని యథాతథంగా ఇంగ్లీషులో రాసి మార్కులు పోగొట్టుకుంటుంటారు. పరీక్షలో ఇచ్చేది ఏ సెట్టు, బి సెట్టు అనే ప్రశ్నపత్రం, దానిని తయారుచేసినవారు పేపర్ సెట్టర్, రాసేది ఎంట్రన్స్ ‘సెట్’. చివరిదానిలో ఉన్నవి కామన్ ఎంట్రన్స్ టెస్ట్ అన్న మాటల పొడి అక్షరాలే తప్ప ఈ సెట్టు కాదని వారికి విడిగా చెప్పవలసి వస్తుంది.


ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. పట్టికలో ‘సెట్’ గడిని తీసివేసి, ఉపసంపాదకులు గారు చెప్పినట్టు పదబంధాలుగా విడగొట్టి పంపాను: టైమరుకు ‘పెట్టు’, ఉష్ణోగ్రతకు ‘ఉంచు’, సిమెంటుకు ‘బిగుసుకొను’, పిండికి ‘పక్కన పెట్టు’, స్క్రూలకు ‘సెట్టు’. రెండు మాటలు ఒకే రూపంలో ఉన్నాయన్న మాస్టారి వివరణ జతచేయడంతో వారు పెద్దగా వాదించలేదు. ఒక్కటి మిగిలింది. సీలింగ్ ఫ్యాన్ పుస్తకంలో ‘సెట్ స్క్రూ’ అని ఉన్నది. దీనిని కూడా స్క్రూల సెట్టుగానే తీసుకోవచ్చునా?


జవాబు: సివిల్ ఇంజినీరు, హైదరాబాదు

తీసుకోకండి. సెట్ స్క్రూ అంటే ఒకే స్క్రూ. ఫ్యాను మెడ దగ్గర డౌన్ రాడ్డు దిగే చోట పక్కవాటుగా ఒక రంధ్రం ఉంటుంది. అందులోంచి ఈ స్క్రూను తిప్పుతూ పోతే దాని మొన రాడ్డుకు ఒత్తుకుని, రాడ్డు తిరగకుండా, జరగకుండా పట్టి ఉంచుతుంది. ఇది మాస్టారు చెప్పిన మొదటి వంశానికి చెందిన సెట్. కొన్ని రకాల్లో తల కూడా ఉండదు, షడ్భుజాకారపు చిన్న తాళపుచెవితో బిగించాలి. ‘రాడ్డును కదలకుండా పట్టే స్క్రూ’ అని మొదటిసారి రాసి, ఆ తరువాత ‘సెట్ స్క్రూ’ అనే కొనసాగించండి. దుకాణంలో ఆ పేరుతో అడిగితేనే ఇస్తారు. ఫ్యాను బరువును మోసేది అడ్డంగా దూర్చే బోల్టు, దాని చివర వంచే స్ప్లిట్ పిన్నూ తప్ప ఈ స్క్రూ కాదు గనుక, ఆ రెండింటినీ బిగించిన తరువాతే సెట్ స్క్రూను బిగించాలన్న క్రమం మీ మూలంలో ఉంటే దానిని ఎట్టి పరిస్థితుల్లోనూ తారుమారు చేయకండి.